నాలుగు రోడ్ల కూడలిలోని పాత రాతి సిలువను ఈస్టర్‌కల్లా బాగు చేయించవచ్చా?

జమ్మలమడుగు ప్రాంతం నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊరి నాలుగు రోడ్ల కూడలిలో మిషనరీల కాలం నాటి సిలువ ఉంది. ఇటుక, సున్నంతో కట్టిన మెట్ల దిమ్మె, దానిమీద నల్ల రాతి స్తంభం, పైన సిలువ. దిమ్మె గార రాలిపోతోంది. ఒక మూల రావి మొక్క మొలిచింది. రాతిమీద అక్షరాలు సగం చదవడానికి రావడం లేదు. ఈ ఏడాది, అంటే 2026లో, ఏప్రిల్ 5న ఈస్టర్ కాబట్టి ఆ లోపల ఊరంతా కలిసి దాన్ని బాగు చేయాలని చర్చి సంఘం యువకుల కోరిక. మేస్త్రీ పాత గారంతా కొట్టేసి, సిమెంటు పూసి, గ్రానైటు పలకలు అతికించి, సిలువను యాసిడ్‌తో కడిగి తెల్ల ఎనామిల్ రంగు వేస్తానంటున్నాడు. మూడు వారాల్లో కొత్తదానిలా చేసి ఇస్తానని మాట ఇస్తున్నాడు. ఒప్పుకోవచ్చా, ఎవరి అనుమతి తీసుకోవాలి అని అడిగారు.

ఒప్పుకోకండి. ఈ ఈస్టర్‌కు ఆ సిలువను నీళ్లతో శుభ్రం చేయండి, దిమ్మె చుట్టూ నీరు నిలవకుండా చూడండి, రావి మొక్కను కోయించండి, అక్షరాలు చదివి రాసి పెట్టుకోండి. గార పనిని ఈ ఎండల్లో ముట్టుకోకండి. దాన్ని డిసెంబరులో మొదలుపెట్టి వచ్చే ఈస్టర్‌కు పూర్తి చేయండి. 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. ఉత్సాహంగా అడిగిన మీకు ఈ జవాబు నిరాశ కలిగిస్తుందని తెలుసు. కారణాలు విన్నాక సంఘం పెద్దల దగ్గర మీరే ఈ మాట చెప్పగలరు.

నేను కడపలో ఉంటాను. సున్నపు గారతో పాత కట్టడాలను బాగు చేయడం నా వృత్తి. గుళ్లు, దర్గాలు, దిగుడు బావులు, చర్చీలు, సమాధుల తోటలు అన్నీ చూశాను. శ్రమకాలం, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు, మొదలయ్యేసరికి ఏటా ఎవరో ఒకరు ఇలాంటి ప్రశ్న అడుగుతారు. దాని మొదటి రోజైన భస్మ బుధవారం నాడు ఆలోచన పుడుతుంది. అక్కడి నుంచి ఈస్టర్‌కు ఆదివారాలతో కలిపి 46 రోజులే ఉంటాయి. సున్నం పనికి ఆ రోజులు చాలవు, సిమెంటు పనికి చాలుతాయి. అందుకని అందరూ సిమెంటు వైపు మొగ్గుతారు.

ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లా మనది. బస్తా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, కలిపే మనిషీ దొరుకుతాడు. కొత్త ఇంటికి సిమెంటు మంచిదే. పాత ఇటుక దిమ్మెకు మాత్రం అది చేటు చేస్తుంది. ఆ దిమ్మె నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది. సున్నపు గారలో సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఎండ రాగానే చెమ్మ దాని గుండా ఆవిరైపోతుంది. వందేళ్లుగా ఆ దిమ్మె నిలబడింది అలాగే. దానిమీద సిమెంటు పూసి, పైన గ్రానైటు అతికిస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే ఉండిపోతుంది, లేదా ఇంకా పైకి పాకి రాతి స్తంభం మొదట్లో తేలుతుంది. నీటితో పాటు నేలలోని ఉప్పూ పైకి వస్తుంది. మన వైపు చౌడు నేలలు ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. నీరు ఆరిన చోట ఉప్పు స్ఫటికాలుగా పెరిగి ఇటుకను పొడిపొడిగా రాల్చేస్తుంది. మీ దిమ్మె అడుగున తెల్లగా నూగులాంటిది కనబడితే అదే ఉప్పు.

గట్టిదనంలోనూ తేడా ఉంది. ఎండకు సాగి, రాత్రి చల్లదనానికి ముడుచుకునేటప్పుడు రెండు పదార్థాల్లో మెత్తనిదే పగులుతుంది. సున్నం, ఇటుక కలిసి ఉన్నచోట సున్నం పగులుతుంది, దాన్ని మళ్లీ పూసుకోవచ్చు. సిమెంటు, పాత ఇటుక కలిసి ఉన్నచోట ఇటుకే పగులుతుంది. అందుకే మరమ్మతుకు వాడే గార ఎప్పుడూ అసలు కట్టడం కన్నా మెత్తగా ఉండాలి.

కడప జిల్లాలోనే ఒక ఊళ్లో ఇలాంటి స్మారక స్తంభానికి ఈస్టర్‌కు ముందు హడావిడిగా సిమెంటు పూసి తెల్ల ఎనామిల్ వేశారు. ఆ పండుగ ఫొటోల్లో అది మెరిసిపోయింది. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత బొబ్బలెక్కింది. నన్ను పిలిపించినప్పుడు ఒక పెచ్చును చేత్తో పట్టుకుని లాగి చూశాను. దాని వెనక ఇటుక ముఖం వేలి మందాన అతుక్కుని వచ్చేసింది. పెచ్చు లోపలి వైపు తడిగా, ఎర్రగా ఉంది. ఆ ఎరుపంతా ఇటుక పొడే. సిమెంటు తగలని పై వరసల్లో పాత సున్నం ఇంకా గోటికి లొంగనంత గట్టిగా ఉంది. అక్కడ ఇటుకలు మార్చక తప్పలేదు, ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లయింది.

యాసిడ్ మాట అసలు ఎత్తవద్దు. జమ్మలమడుగు వైపు నల్ల రాయి అంటే చాలావరకు కడప రాయి, అంటే సున్నపురాయి. నమ్మకం కుదరకపోతే కింద రాలిన చిన్న ముక్కను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నని బుడగలు వస్తాయి. నిమ్మరసానికే అలా కరిగే రాయి బాత్‌రూమ్ యాసిడ్‌కు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మురికితో పాటు రాయీ కరుగుతుంది, అందులోనూ చెక్కిన అక్షరాల అంచులు ముందు పోతాయి. ఒకసారి యాసిడ్ పడిన అక్షరాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఫలకం పాలరాయి అయినా ఇదే జరుగుతుంది, అదీ సున్నపు జాతి రాయే. బట్టల సోడా, బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు, అవి రాతిలోకి ఉప్పును ఎక్కిస్తాయి. ఇనుప బ్రష్షు, గ్రైండరు, వాహనాలు కడిగే ప్రెషర్ పంపు కూడా దగ్గరికి రానివ్వకండి.

శుభ్రం చేయడానికి మంచినీళ్లు, మెత్తని నైలాన్ బ్రష్షులు, పాత టూత్ బ్రష్షులు, వెదురు పుల్లలు చాలు. ఉప్పు నీటి బోరు అయితే ఆ నీళ్లు వాడకండి. రాతిని కింది నుంచి పైకి తడుపుతూ వెళ్లండి, పై నుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి రాతి మీద చారలు కడుతుంది. నల్లగా, తెల్లగా పొక్కులా అంటుకున్న రాతి పాచిని బాగా నాననిచ్చి వెదురు పుల్లతో మెల్లగా లేపండి. రానిచోట వదిలేయండి. రాయి కొత్తదానిలా మెరవాలని పట్టుబడితే ఏదో ఒకటి పాడు చేస్తారు. వందేళ్ల రాయి వందేళ్ల రాయిలాగే కనబడాలి.

ముందుగా ఒక పరీక్ష చేయండి. కడప రాయి పొరల రాయి, గనిలో పొరలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. దాన్ని నిలువుగా నిలబెట్టినప్పుడు పొరల అంచులు ఆకాశం వైపు తిరుగుతాయి, వాన నీరు వాటి మధ్యకు దిగుతుంది. వేలి కణుపుతో స్తంభం మీద అంతటా మెల్లగా తట్టి వినండి. గట్టి చోట ఖణఖణమంటుంది, పొర లేచిన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా ఉన్నచోట సుద్దతో గీయకండి, ఫొటో తీసి ఆ ఫొటో మీద గుర్తు పెట్టుకోండి. ఆ భాగాలను ఇప్పుడు కడగవద్దు, బ్రష్షు తగలనివ్వవద్దు. చలికాలంలో ఆ సందుల్లోకి పలుచని సున్నపు పాలను ఇంజెక్షన్ సిరంజీతో కొద్దికొద్దిగా పంపి, పొరను వెనక్కి అతికించవచ్చు. పైఅంచున సన్నగా సున్నం పూసి వాలు ఇస్తే నీరు లోపలికి దిగదు. ఇది ఓపికతో చేయాల్సిన పని. చేయి తిరిగిన మనిషి ఒక్కరుంటే చాలు.

ఇక మీ ప్రశ్నలో లేని సంగతి ఒకటి ఉంది, నాకు అదే అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తోంది. కూడలిలోని దిమ్మె అన్నారు కదా, దాని మెట్లు ఎన్ని కనబడుతున్నాయి? పాత ఫొటో ఏదైనా ఉంటే పోల్చి చూడండి. రోడ్డు మీద తారు పడిన ప్రతిసారీ మట్టం కొంచెం పెరుగుతుంది. ఇలాంటి దిమ్మెల్లో కింది మెట్టు, ఒక్కోసారి రెండు మెట్లు, భూమిలోకి పోయి ఉంటాయి. అప్పుడు వాన నీరంతా రోడ్డు మీది నుంచి దిమ్మె వైపు పారి అక్కడే నిలుస్తుంది. గార రాలడానికి అసలు కారణం చాలాసార్లు ఆ నీరే. దాన్ని ఆపకుండా ఎంత మంచి సున్నం పూసినా నాలుగేళ్లకు మళ్లీ రాలుతుంది.

కాబట్టి ఈస్టర్‌లోపు యువకులు చేయగలిగిన అతి విలువైన పని నీటికి దారి చూపించడం. దిమ్మె చుట్టూ పోగైన మట్టి, తారు పెచ్చులు, చెత్త తీసేయండి. పునాది కిందికి తవ్వకండి, పాత మెట్టు అంచు కనబడగానే ఆగిపోండి. దిమ్మె నుంచి బయటికి వాలు ఇచ్చి, కంకర పరిచి, దగ్గరి కాలువలోకి నీరు పోయేలా చేయండి. దిమ్మెను ఆనుకుని సిమెంటు చప్టా వేయవద్దు, అది కూడా చెమ్మను కిందే ఆపి గోడలోకి ఎక్కిస్తుంది. పూలమొక్కల తొట్టి కట్టాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మొక్కలకు పోసిన నీళ్లన్నీ దిమ్మె తాగుతుంది.

రావి మొక్కను పట్టి లాగకండి, వేరుతో పాటు ఇటుకలు వచ్చేస్తాయి. మొదట్లో కోసేసి, కోసిన చోట వెంటనే కలుపు మందును బ్రష్షుతో పూయించండి. ఆ మందు వాడే అనుమతి, అలవాటు ఉన్న మనిషితోనే చేయించండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. వేరు చచ్చి ఎండిపోవడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాతే సందు నింపాలి. గార పనిని డిసెంబరుకు వాయిదా వేయమనడానికి ఇది కూడా ఒక కారణం.

అనుమతుల సంగతి. ముందు ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి. సిలువ సంఘానిది అయినా దాని కింది నేల పంచాయతీదో, రోడ్లు భవనాల శాఖదో, జాతీయ రహదారులదో కావచ్చు. 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో, రోడ్ల మీద మతపరమైన అనధికార కట్టడాలు కొత్తగా కట్టకూడదని ఆదేశించింది. మీది పాత కట్టడం, బాగు చేయడం వేరు. కానీ మేస్త్రీ చెప్పినట్టు దిమ్మె పెంచి, గ్రానైటు తొడిగి, చుట్టూ రెయిలింగు వేస్తే అది కొత్త నిర్మాణంలా కనబడుతుంది. అక్కడి నుంచి లేనిపోని తగాదాలు పుడతాయి. ఎత్తు, వెడల్పు అంగుళం కూడా పెరగదని రాసి, ఇప్పటి ఫొటోలు జతచేసి, పంచాయతీకి, రోడ్డు శాఖకు అర్జీ ఇవ్వండి. ముద్ర వేసిన నకలు దాచుకోండి.

సంఘం వైపు నుంచి కూడా అనుమతి కావాలి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది, జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి కూడా ఆ మిషనుదే. ఆ సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు అందులో చేరాయి. మీ సిలువ ఆ కోవకు చెందినదైతే దాని రాయలసీమ డయాసిస్‌కు, అంటే బిషప్ కార్యాలయానికి రాయాలి, ఆస్తి పత్రాలు సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉండవచ్చు. కతోలికులదైతే విచారణ గురువు (స్థానిక ఫాదర్) ద్వారా మేత్రాసనానికి, అంటే వాళ్ల బిషప్ కార్యాలయానికి. పాస్టరుగారి నోటిమాట సరిపోదు. పాస్టర్లు బదిలీ అవుతారు, రాత ఉంటుంది. దగ్గర్లో పురావస్తు శాఖ రక్షణలోని కోటో గుడో ఉంటే మరింత జాగ్రత్త. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే చేయాలి. మరమ్మతుకు కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి. గుత్తి, గండికోట లాంటి చోట్ల ఈ సంగతి మరిచిపోయి పని మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఆపాల్సి వస్తుంది.

అక్షరాల దగ్గరికి వద్దాం. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. రాత్రి చీకటి పడ్డాక ఇద్దరు వెళ్లండి. ఒకరు టార్చిలైటును రాతికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకోవాలి. వెలుగు ఏటవాలుగా పడితే అరిగిన గీతలు కూడా నీడలతో పైకి లేస్తాయి. పగలు ఏమీ కనబడని చోట తలకట్టు, కొమ్ము, వత్తు ఒక్కొక్కటిగా బయటపడతాయి. టార్చిని ఎడమ, కుడి, కింద, పైన పెట్టి నాలుగేసి ఫొటోలు తీయండి, ఫోను కెమెరా చాలు. పిండి, సుద్ద, బొగ్గు రుద్దకండి. కాగితం పెట్టి పెన్సిలు రుద్దే పద్ధతి పొరలు లేచిన రాతికి పనికిరాదు.

చదివిన దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. పాత తెలుగు శాసనాల్లో బండి ఱ ఉంటుంది, అరసున్న ఉంటుంది, ఇప్పటి మనకు తప్పులా కనబడే రాతలు ఉంటాయి. వాటిని సరిదిద్దకండి. అరిగిన అక్షరాలను మళ్లీ చెక్కించవద్దు, నల్ల రంగో బంగారు రంగో నింపించవద్దు. చెక్కేవాడు తనకు తోచిన అక్షరం చెక్కుతాడు, అసలు అక్షరం శాశ్వతంగా పోతుంది. చదవడానికి వీలుగా పాఠాన్ని వేరే బండ మీద చెక్కించి, కాస్త దూరంగా విడిగా నిలబెట్టండి. బేతంచెర్ల బండ అయినా, కడప బండ అయినా సరే.

ఆ బండ మీద చరిత్ర కూడా రాయాలని మీకు అనిపిస్తుంది. రాసేముందు ఊరి మాట, రాతి మాట, రిజిస్టర్ల మాట మూడూ పోల్చి చూడండి. గుత్తి కోట కింది సమాధుల తోటకు వెళ్లేవాళ్లు మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో సమాధి ఇంకా అక్కడే ఉందనుకుంటారు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన ఆయనను గుత్తిలో పాతిపెట్టిన మాట నిజమే. అయితే 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఊరి మాటలో సగం నిజం ఇలా మిగిలిపోతుంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల, స్మారకాల శాసనాలను జూలియన్ జేమ్స్ కాటన్ జాబితాగా కూర్చారు. అది 1905లో అచ్చయింది, అందులో మీ సిలువ ఉందేమో వెతకండి. లండన్ మిషనరీ సొసైటీ కాగితాలు లండన్‌లోని సోయస్ (SOAS) విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి, అక్కడికి ఉత్తరం రాయవచ్చు. వీటన్నిటికన్నా ముందు మీ సంఘంలో ఎనభై దాటిన అమ్మమ్మల దగ్గర కూర్చోండి. గుత్తి వైపు ఒక సమాధుల తోటలో సగం పగిలిన ఫలకం మీద ఏముందో ఎవరికీ తెలియలేదు. చిన్నప్పుడు ఆదివారం బడిలో దాన్ని చదివించేవారని ఒక పెద్దావిడ చెప్పి, మిగతా వాక్యం గడగడా అప్పజెప్పింది. మా వాళ్లు ఆమె గొంతు రికార్డు చేసి, పక్కనే రాసి పెట్టారు.

ఊరంతా కలిసి అన్నారు. సంఘం సభ్యులనే కాదు, ఊరినీ పిలవండి. మనది ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్లే జిల్లా, పెద్ద దర్గాలో అన్ని మతాలవాళ్లూ చాదర్ సమర్పించే జిల్లా. కూడలిలో సిలువ నీడన కూర్చుని బస్సు కోసం ఎదురుచూసినవాళ్లంతా దాన్ని తమదనే అనుకుంటారు. రాతి పని తెలిసిన వడ్డెర పెద్దలు మీ ఊళ్లో ఉంటే మొదట వాళ్లను తీసుకొచ్చి చూపించండి, రాయి ఎటు వాలిందో, ఏ సందు కదిలిందో వాళ్లు ఒక్క చూపులో చెబుతారు. ఈ ఏడాది రంజాన్ నెల, శ్రమకాలం దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఉపవాసం ఉండే మేస్త్రీలు, కూలీలు ఉంటారు కాబట్టి పని ఉదయం తొమ్మిదిలోపు పెట్టుకోండి. ఆ తర్వాత ఎండలో పని ఎవరికీ మంచిది కాదు.

పని పంచేటప్పుడు ఒక హద్దు గీయండి. చెత్త ఎత్తడం, నీళ్లు మోయడం, కంకర పరచడం, కడగడం, ఫొటోలు, పెద్దల మాటలు రికార్డు చేయడం, అర్జీలు రాయడం శ్రమదానంతో చేయవచ్చు. గార, సందులు నింపడం, పొరలు అతికించడం కూలి ఇచ్చి పనివాళ్లతో చేయించాలి. భక్తితో వచ్చినవాడికి తాపీ ఇవ్వకుండా ఉండటం కష్టం, అయినా ఇవ్వకండి.

డబ్బు లెక్క చర్చి నోటీసు బోర్డు మీద ప్రతి ఆదివారం పెట్టండి. దాతల పేర్లు దిమ్మె మీద గాని, స్తంభం మీద గాని చెక్కించనని మొదటి రోజే అందరి ముందు చెప్పేయండి. పెద్ద మొత్తం ఇచ్చినవారు పేరు అడుగుతారు, అది మానవ సహజం. సంఘం రిజిస్టరులో రాయండి, ఆరాధనలో చదవండి. ఫలకం బిగించడానికి పాత రాతికి డ్రిల్లు పెడితే ఆ రంధ్రంలోంచి నీరు దిగుతుంది.

ఇప్పుడు డిసెంబరు పని గురించి. మేస్త్రీని ఇప్పటి నుంచే చూసుకోవాలి కాబట్టి చెబుతున్నాను. పొట్లాల్లో వచ్చే పాత పొడి సున్నం వద్దు, అది సగం గాలికి చచ్చిపోయి ఉంటుంది. బట్టీలో కాల్చిన సున్నపు గుల్లలు తెప్పించి, గుంటలో నీళ్లు పోసి తడపాలి. అది సలసలా ఉడుకుతుంది, చిమ్ముతుంది. కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు, పిల్లలు అసలే రాకూడదు. పొరపాటున పడితే ఆలస్యం చేయకుండా చాలాసేపు ధారగా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తడిసిన సున్నాన్ని పైన నీరు నిలిచేలా కొన్ని వారాలు గుంటలోనే మాగనివ్వాలి. మీరు నవంబరులో గుంట పెడితే డిసెంబరు చివరికి వెన్నలా అవుతుంది.

ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్లు జల్లెడ పట్టిన గరుకు ఇసుక. దిమ్మె అడుగు భాగంలో, చెమ్మ తగిలే చోట, ఇసుకలో కొంత తగ్గించి మెత్తగా దంచిన ఇటుక పొడి కలపండి, తడిలో కూడా గట్టిపడుతుంది. పాత మేస్త్రీలు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. వాటి కొలత చేయి తెలిసిన మనిషికే వదలండి, ఎక్కువైతే చీమలూ బూజూ పడతాయి. గట్టిగా ఉన్న పాత గారను కొట్టేయవద్దు. డొల్లగా మోగిన చోట మాత్రమే తీసి అతుకు వేయండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది, దానికి తేమ, సమయం రెండూ కావాలి. పలుచగా ఒక్కో పొర వేస్తూ, తడి గోనె పట్టాలు కప్పి, ఎండ నేరుగా తగలకుండా చూడాలి. ఏప్రిల్ ఎండలో ఇది దాదాపు అసాధ్యం, నీరు ఒక్క పూటలో ఎగిరిపోయి గార పొడిగా మిగులుతుంది. జనవరి నెలాఖరుకు గార పని అయిపోవాలి. ఫిబ్రవరి అంతా ఆరనిచ్చి, మార్చి మొదటి వారంలో మూడు నాలుగు పలుచని వెల్ల పూతలు వేయండి. నల్ల రాతి సిలువకు మాత్రం ఏ పూతా వద్దు.

ఇది చదివేవాళ్లలో కొండ మీది కాంక్రీటు సిలువల గురించి అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఒక్క మాట. అక్కడి జబ్బు వేరు. లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడతాయి. పైన రంగు వేస్తే పగులు కనబడదు, అంతే. చేతులు పెద్దవైన సిలువల కింద జనం నిలబడతారు కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా ఈస్టర్ తెల్లవారుజామున అక్కడికి ఎవరినీ పంపవద్దు. పిడుగు నుంచి కాపాడే రాగి కడ్డీ, దాని భూమి కనెక్షన్ సరిగా ఉన్నాయో లేదో కూడా చూపించండి.

మీ ఏప్రిల్ 5 తెల్లవారుజాము ఆరాధన ఆ కూడలిలో నిశ్చింతగా జరుపుకోండి. సీరియల్ బల్బుల కోసం రాతికి మేకులు కొట్టకుండా, పక్కన కర్రలు పాతి కట్టండి. కొవ్వొత్తులను మెట్ల మీద పెట్టనివ్వకండి. మైనం రాతిలోకి ఇంకితే వచ్చే మరక పోదు. మెట్ల ముందు ఇసుక పోసిన ఇనుప పళ్లాలు పెట్టి వాటిలో వెలిగించమనండి. సమాధుల తోట నుంచి నేరుగా వచ్చేవాళ్లు పూలదండలు తెస్తారు, అవి సిలువకు వేలాడదీయవచ్చు, సాయంత్రం తీసేయండి.

ఈ లోపల దిమ్మె నాలుగు వైపుల ఫొటోలు, ప్రతి ఫొటోలో కొలతకు ఒక స్కేలు ఆనించి పెట్టి తీసినవి, రాత్రి టార్చి వెలుగులో తీసిన అక్షరాల ఫొటోలు ఇక్కడ పెట్టండి. గార రంగు, పగుళ్ల తీరు చూస్తే అది మొదటి సున్నమా, మధ్యలో ఎవరైనా సిమెంటు అతుకు వేశారా అన్నది చెప్పగలను. పాత సిమెంటు అతుకు ఉంటే దాన్ని తీయాలా వద్దా అన్నది అది ఇటుకను ఎంత గట్టిగా పట్టుకుందన్న దాన్ని బట్టి ఉంటుంది, ఫొటోలు చూడకుండా ఆ మాట చెప్పను.